జానకిరామ్ గారి గుమ్మడికాయ

రాజమండ్రి,
గురువారం.

ప్రియమైన మీకు,

ప్రభువు కృప వల్ల అత్తయ్యగారు, క్రిస్టినా, నేను బాగానే ఉన్నాం. హిందూపురం కాలేజీ ల్యాబులో ఆ యాసిడ్ల ఘాటు పీల్చి దగ్గు పట్టిందన్నారు, తగ్గిందా? ఫోనులో అయితే నా మాట సగంలో ఉండగానే "సర్లే, సర్లే" అంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో ఆపలేరుగా!

మీరడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. క్రిస్టినా లెక్కల్లో గట్టెక్కింది. బాత్రూము రేకుల మీదికి పాకించిన గుమ్మడిపాదు ఒకే ఒక్క కాయ కాసింది గానీ, ఎంత కాయనుకున్నారు! మీకిష్టమని పులుసు పెట్టడానికి దాచుదామనుకున్నాను. కానీ మొదటి కాయ కదా, చర్చిలో కోతపండుగకి దేవుడికిచ్చేశాం. అత్తయ్యగారి మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పెద్దాసుపత్రికి వెళ్లి నొప్పికి కరెంటు పెట్టించుకోవడం ఎందుకు మానేసిందని కోప్పడుతూ రాశారు. బస్సు లేదండీ, అందుకు.

ఇదివరకు పేట బస్సు చర్చి గేటు దగ్గర ఎక్కితే మార్కెట్టు మీదుగా ఆసుపత్రి ముందు దింపేది. ఇప్పుడది పేటలోకే రాదు, హైవే మీదుగా పోతుంది. అక్కడిదాకా నడవాలి. మొక్కల నర్సరీ పనికెళ్లే మేం ఎలాగో పడుతున్నాం. చేపల రత్తమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని అంత దూరం నడవలేక, వాసనని ఆటోవాళ్లు ఎక్కించుకోక, వారంలో సగం రోజులు ఇంట్లోనే కూర్చుంటోంది. ఒళ్లు మండదూ?

ఆ కొత్త రూటు మొదలైన రోజు జెండా ఊపింది మనం ఓట్లేసి గెలిపించుకున్న ఎమ్మెల్యే జానకిరామ్ గారే. "ప్రజల కోరికపై" అని ఆయన బొమ్మతో ఫ్లెక్సీ కూడా కట్టారు. ఏ ప్రజలు కోరారో మాకు తెలీదు. జనం తిట్టడం మొదలుపెట్టగానే ఫ్లెక్సీ మాయమైంది.

కోతపండుగ కానుకల వేలానికి ఆయన వస్తారని, మీ ట్రాన్స్‌ఫర్ విషయం మళ్లీ ఓసారి చెవిన వెయ్యమని రాశారు కదా. వచ్చారు. మన గుమ్మడికాయ పాటకి పెట్టగానే ఎవర్నీ పైకి పోనివ్వకుండా ఆయనే పాడుకున్నారు. మన చర్చి ఆనవాయితీ మీకు తెలుసుగా, తెచ్చినవాళ్లే కాయ చేతికిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి దీవించాలి. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆయన చేతులు చాపారు. అడగాల్సిన సమయం అదేనని నాకూ తెలుసు. మీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే, కుర్చీలో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్న అత్తయ్యగారు కనబడ్డారు.

కాయ ఆయన చేతుల్లో పెట్టాను గానీ, నా చేతులు తియ్యలేదు.

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలండి. మా బస్సెక్కడండి?" అన్నాను.

"అది అధికారుల నిర్ణయమమ్మా," అన్నారు నవ్వుతూ, కాయని మెల్లగా లాగుతూ.

"మరి జెండా ఊపింది ఎవరండి?"

వేలం చూడ్డానికొచ్చిన రత్తమ్మ గోడ పక్కనుంచి అందుకుంది. "మంచైతే మీ గొప్పా, చెడ్డైతే ఆఫీసర్ల తప్పూనా అండి? మేం ఓటేసింది ఆఫీసర్లకి కాదండి బాబూ!"

నవ్వారండీ జనం! ఆయన కాయని వదల్లేరు, లాగలేరు. పాస్టరుగారేమో ప్రార్థన చేసేసి గట్టెక్కుదామని గొంతు సవరించుకుంటున్నారు. చివరికి జానకిరామ్ గారు, "పై సోమవారం వచ్చి చూస్తానమ్మా," అన్నారు.

"కారులో కాదండి. బస్సులో వచ్చి, హైవే దగ్గర దిగి, మాలాగే నడిచి రండి. కాయ మా ఇంట్లో ఉంటుంది, పట్టుకెళ్దురు గాని," అని కాయ చంకనెత్తుకుని వచ్చేశాను.

ఇంతవరకూ చదివి తల పట్టుకునుంటారు. అసలుది ఇంకా చెప్పలేదు. మంగళవారం ఆయన మనిషి ఉదయభాస్కర్ మనింటికి వచ్చాడు. మీ ట్రాన్స్‌ఫర్ సంగతి ఆయనకి గుర్తుందట. కొత్త బస్సు ఎంతో సౌకర్యంగా ఉందని నేను వీడియోలో ఒక్క మాట చెబితే, వేసవి సెలవుల్లోపు మీరు రాజమండ్రిలో ఉంటారట. మీకోసం ఎంతలా ఎదురు చూస్తున్నానో మీకు తెలుసు. మీరు లేని ఇల్లు నాకు అలవాటు కాలేదు, ఎప్పటికీ కాదు. అయినా కుదరదని చెప్పి పంపించేశాను. మిమ్మల్ని అడక్కుండానే. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, అదీ రాస్తున్నాను. కానీ తప్పు చేశానని మాత్రం రాయను.

అత్తయ్యగారికి చెప్పడానికి భయపడ్డాను. ఆవిడ కన్నకొడుకు కదా మీరు. అంతా విని, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"వాడొస్తే మాత్రం నన్ను ఆసుపత్రికి వీపు మీద మోసుకెళ్తాడా ఏంటే? మంచి పని చేశావు. సోమవారం నేనూ వస్తాను, హైవే పక్కన నాకో కుర్చీ వెయ్యి," అన్నారు.

పేట ఆడవాళ్లం అందరం వెళ్తున్నాం. ఆయన రాకపోతే మర్నాడు మేమే ఆయన గుమ్మంలోకి వెళ్తాం. మీకు కోపం వస్తే వచ్చి ఎదురుగా తిట్టండి, పడతాను. కాయ మాత్రం ముందుగదిలో, వచ్చేపోయేవాళ్లకి కనబడేలా పెట్టాను. అది జానకిరామ్ గారిది. ఆయన నడిచి వచ్చి పట్టుకెళ్లేదాకా దానిమీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను. ఈలోగా మీరే సెలవు పెట్టి వచ్చినా సరే, పులుసు అడక్కండి. వంకాయ కూర వండిపెడతాను.

ఇట్లు,
మీ మాట దాటిన మీ భార్య,
రెబెక్కా