బుధవారం నాలుగింటికి మావాడు

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నా అలవాటు. ఉన్నదే ఇద్దరం. అందులో ఒకడు ఎనిమిది నెలలుగా గది తలుపేసుకుని కూర్చున్నాడు. అందుకని ఆ మాట ఈసారికి రాయడం లేదు.

నువ్వు మాట్లాడి పెట్టిన మనసు డాక్టరమ్మతో వీడియో మొదలైంది. ప్రతి బుధవారం నాలుగింటికి. వాడు ఆసుపత్రికి రాకపోతే ఏం, ఆవిడే ఫోన్లో వాడి గదిలోకి వెళ్తుంది అన్నావు కదా. రెండు వారాలైంది. మావాడు బాగానే మాట్లాడాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తోందనీ, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయనీ చెప్పుకున్నాడు. తండ్రి ఎలాంటివాడని అడిగితే బంగారం లాంటి మనిషి అన్నాడు. ఆవిడ అన్నీ రాసుకుంది.

వాళ్ళమ్మ కళ్ళజోడు ఇంకా కిటికీలోనే ఉంది. తీసి లోపల పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లకు సౌండు పెంచే మీట ఎటువైపు ఉంటుందో మీ పక్కింటి నర్సమ్మను అడిగి రాయి. ఊరికే అడుగుతున్నాను.

* * *

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊరందరి అబద్ధాలూ విన్నదాన్ని నేను. ఆ విసుగుతోనే రిటైరయ్యాక ఫోను ముట్టడం మానేశాను. పైగా నువ్వు ఫోన్లో సగం వినపడక అన్నిటికీ ఊఁ కొడతావు. కాబట్టి ఉత్తరంలోనే అడుగుతున్నాను, ఉత్తరంలోనే చెప్పు.

ఇరవై నాలుగేళ్ళవాడికి మోకాళ్ళ నొప్పులేమిట్రా? మధ్యాహ్నం దాకా దుప్పటి తియ్యనివాడు నాలుగున్నరకు లేస్తున్నాడా? నీలా అచ్చాఫీసులో పొద్దుటి షిఫ్టు చేసినవాడు కదూ ఆ వేళకు లేచేది? ఇక నిన్ను బంగారం అన్నాడన్న చోట నాకు పూర్తిగా అర్థమైపోయింది. ఆ ఫోను ముందు కూర్చున్నది ఎవరో రాయి.

అక్క

తా.క. మీట కుడివైపు ఉంటుందట. నేనూ ఊరికే చెబుతున్నాను.

* * *

అక్కయ్యకు తమ్ముడు తలదించుకుని రాసేది.

కూర్చున్నది నేనే.

మొదటి బుధవారం నేను చేయాల్సిందంతా చేశాను. డాక్టరమ్మ లైన్లోకి రాగానే ఫోను తలుపు కిందనుంచి లోపలికి తోశాను. వాడు కాలితో వెనక్కి తోశాడు. మళ్ళీ తోశాను. మళ్ళీ వచ్చింది. ఆవిడ అలా నేల మీద అటూ ఇటూ పోతూ హలో హలో అంటూనే ఉంది. మర్యాదగా ఉండదని చేతిలోకి తీసుకున్నాను. 'నువ్వేనా బాబూ?' అంది. కాదు అనాలి. అంటే పెట్టేస్తుంది. వాడికి ఇంకో దారి లేదు అక్కా. అవును అన్నాను.

కెమెరా పాడైందని చెప్పి దాని మీద కాగితం ముక్క అతికించాను. గొంతు బరువుగా ఉందేమంటే జలుబన్నాను. నాలుగు వారాలుగా అదే జలుబు. చెవి ముక్కు డాక్టరుకు చూపించుకోమని చీటీ కూడా పంపింది. ఆవిడ చెప్పినవి తలుపు దగ్గర నిలబడి వాడికి చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చమంది. నేను తలుపు దగ్గరికెళ్ళి పెద్దగా నాలుగు లెక్కపెట్టాను. వాడు లోపల ఫ్యాను వేసుకున్నాడు.

అసలు చిక్కు వేరే వచ్చింది. తండ్రిని ఎప్పుడడిగినా పొగుడుతున్నావు, ఆయనంటే నీకు అంత భయమా అంది. భయం లేదు, ఆయన చాలా మంచివాడు అన్నాను. ఆవిడ ఇంకా రాసుకుంది. మొన్న బుధవారం తేల్చి చెప్పేసింది. ఈ కుర్రాడు కొన్నాళ్ళు ఆ తండ్రికి దూరంగా, వేరే ఇంట్లో ఉంటేనే మంచిదట. నన్ను నా ఇంట్లోంచి నాకే దూరంగా పొమ్మంటే ఏం చెప్పను? ఆలోచిస్తానండీ అన్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఊపిరి సంగతి మాత్రం నాకు కొంచెం పనిచేసింది. వాడి మందు నేను మింగినట్టు సిగ్గుగా ఉంది.

* * *

తమ్ముడికి,

ఈసారి ఆశీస్సులు లేవు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఎదురుగా వెళ్ళి కూర్చునే వైద్యమైతే నెరిసిన మీసం చూసి గుమ్మంలోనే పట్టుకునేవాళ్ళు. వీడియో అన్నది నీకోసమే కనిపెట్టినట్టుంది. నువ్వు మందు తాగితే వాడి జ్వరం తగ్గుతుందా? వచ్చే బుధవారం ఆవిడతో ఉన్నమాట చెప్పేయి.

అలా చెప్పే ధైర్యం నీకు లేదని నాకు తెలుసు. కనీసం ఆవిడ ముందు నిన్ను నువ్వు పొగుడుకోవడం ఆపు. వాడికి నీ మీద కోపముంది. ఎందుకుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కోపమే చెప్పు. వాడి తరఫున కూర్చున్నవాడివి వాడి మాటే చెప్పాలి కదా.

అక్క

తా.క. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ పదకొండు రోజులూ పిల్లవాడికి చెప్పొద్దన్నది నేను. ట్రైనింగు చివరి పరీక్ష అయ్యాక చెబుదామన్నాను. ఆవిడ తవ్వి అడిగితే నా పేరు తేకు. మా వీధిలో నాకు కాస్త పరువుంది. ఇది చదివి చించెయ్యి.

* * *

అక్కయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. తొమ్మిదో వారం ఇది. ఇంటికొచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పు అంది. వాడై చెప్పడం మొదలుపెట్టాను.

నేను ట్రైనింగులో ఉన్నాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అమ్మకివ్వమంటే మా నాన్న 'అమ్మ పడుకుందిరా' అనేవాడు. పదకొండు రోజులు అదే మాట. పన్నెండో రోజు వెంటనే రమ్మన్నాడు. బస్సు దిగితే మందుల షాపాయన గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, 'మీ అమ్మ చాలా మంచిది బాబూ, ఏం చేస్తాం' అన్నాడు. వీధిలో అందరికీ తెలుసు. నాకే తెలియదు. ఇంటిదాకా ఎలా నడిచానో తెలియదు.

ఇంతవరకు చెప్పి ఆగిపోయాను అక్కా. వాడలా నడిచొచ్చాడని నేనెప్పుడూ అనుకోలేదు. వాడొచ్చిన గంటకు నేను అన్న మాట ఏమిటో తెలుసా? పరీక్ష బాగా రాశావా అని.

చెప్పకుండా దాచడం ఎవరి ఆలోచన అని అడిగింది. 'నాదే' అనేశాను. నోరు జారింది. తొమ్మిది వారాలు నన్ను నువ్వు నువ్వు అన్న మనిషి అప్పుడు 'మీరు కెమెరా మీద కాగితం తీయండి' అంది.

తీశాను. కళ్ళు తుడుచుకోవడానికి కూడా టైము లేదు. ఆవిడ నన్ను చూసి కోప్పడలేదు. వచ్చే వారం నుంచి మీరు మీలాగే రండి అంది. నాకొద్దమ్మా, వాడికి కావాలి అన్నాను. వాడు వచ్చేదాకా మీరు రండి అంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. జలుబు తగ్గిందా అని అడిగింది చివర్లో. నవ్వు రాలేదు గానీ, నవ్వాల్సిన చోటని తెలిసింది.

* * *

అత్తకు నీ మేనల్లుడు రాసేది.

కవరు మీద నాన్న రాత లేదని కంగారుపడకు. ఆయన బాగానే ఉన్నాడు, బజారుకు వెళ్ళాడు. నీ ఉత్తరాలు రేడియో కింద పెడతాడు. ఆయన బయటికి వెళ్ళినప్పుడల్లా వచ్చి చదువుతుంటాను. చించెయ్యమని నువ్వన్నది ఆయన చించలేదు.

ఈ తొమ్మిది వారాలూ నా వైద్యం మొత్తం విన్నాను. ముందుగదికీ నాకూ మధ్య ఒక్క గోడే. నా హెడ్‌ఫోన్లు బిగించుకుని, తన గొంతు తనకే వినపడక, వీధి చివరికి వినపడేలా అరుస్తాడు. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయని అలాగే తెలిసింది. నా గురించి ఆయన చెప్పినదాంట్లో ముప్పాతిక తప్పే. మందుల షాపు దగ్గర నుంచి ఇంటిదాకా నడిచిన సంగతి ఒక్కటే తప్పులేదు. నేనెవరికీ చెప్పలేదది. ఎలా తెలిసిందో తెలియదు.

ఎవరి ఆలోచన అని ఆవిడ అడిగినప్పుడు, ముందే గదిలోకి తెచ్చుకున్న నీ ఉత్తరం నా చేతిలో ఉంది. ఆయన నీ పేరు చెబుతాడనే అనుకున్నాను. నాదే అన్నాడు.

ఆయన్ని క్షమించానని ఇది రాయడం లేదు. అలాంటిదేమీ ఇంకా రాలేదు. నీ మీదా కోపమే. కానీ పది నెలలుగా ఆయనొక్కడే తలుపు దగ్గర నిలబడుతున్నాడు. నువ్వూ వచ్చి నిలబడు. ఫోనూ వీడియో వద్దు, ఉత్తరమూ వద్దు. బస్సెక్కి రా. అమ్మ సంగతి నాకెందుకు చెప్పొద్దన్నావో చెప్పు. తలుపు తీస్తానని మాటివ్వలేను. నువ్వు నాన్నలా అరవక్కర్లేదు, మామూలుగా చెప్పినా నాకు వినపడుతుంది.

నీ మేనల్లుడు

తా.క. ఇది పోస్టు చెయ్యమని నాన్నకు ఇవ్వలేను కదా. నేనే వెళ్ళి డబ్బాలో వేయాలి. మందుల షాపు ముందునుంచే దారి. చెప్పులు వేసుకుని అరగంటగా తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఈ ఉత్తరం నీకు అందకపోతే, ఇంకా అక్కడే ఉన్నానని అనుకో.