శృతికి ఇయ్యాల్సిన సూది

బావా,

శృతి సూది ఫ్రిజ్ తలుపుల ఉన్నది. ఐసు గడ్డకట్టే కాడ పెట్టకు, మందు ఖరాబైతది. పండుకునే ముందు ఇయ్యి. నిన్న కుడి తొడకు ఇచ్చిన, ఇయ్యాల ఎడమకు. పొద్దుగాల థైరాయిడ్ గోలి పరిగడుపున వెయ్యి. నేను బోధన్ పోతున్న, అమ్మకు పానం బాగలేదు. రేపు మాపటికి వస్త.

అత్తమ్మ మల్ల అన్నది, పిల్ల ఎదగకపోవుడు మా అమ్మ దిక్కు నుంచే వచ్చిందని. నాకు జవాబు చెప్పే ఓపిక లేదు, నువ్వే చెప్పు. మెదడు కింది గ్రంథి పనిచేయకపోవుడు జన్యువుల నుంచి వచ్చిందని డాక్టరమ్మ అన్నది కదా. చెడిపోయిన జన్యువు నీకాడికెళ్ళి ఒకటి, నాకాడికెళ్ళి ఒకటి వచ్చిందట. పెండ్లికి ముందు నిన్ను ఏమని పిలిచేదాన్నని ఆమె అడిగితే "బావ" అన్న. ఆమెకు అంతా సమజైంది. మీ అమ్మ నాకు మేనత్తనే, ఇద్దరికీ తాత ఒక్కడే. ఆ తాత అత్తమ్మను కన్న తండ్రి. మా అమ్మ ఏం చేసింది?

సంజన

ఇంకోటి. మీ అక్క కొడుకు అఖిలేష్ వస్తే, శృతితోని "బావ" అనిపిచ్చి అందరు నవ్వుతున్నరు. వద్దు. "అన్న" అనిపియ్యి. నాకైతే నిన్ను ఇంకోతీరుగ పిలుసుడు ఇగ రాదు.