కాటయ్య బిడ్డకు నా వెండి కడియాలు

నల్లగొండ జిల్లా, మిర్యాలగూడ తాలూకా, వేములపల్లి గ్రామ నివాసి, ప్రభువునందు నిద్రించిన జంగయ్య భార్య సుందరమ్మ, వయస్సు సుమారు అరవై ఏళ్లు, వృత్తి మంత్రసాని, తన వారసులకు రాయించి ఇచ్చిన వీలునామా.

నా కడుపులో గడ్డ ఉన్నదని, అది కరిగేది కాదని మిర్యాలగూడ దవాఖానలో చెప్పారు. ఒంట్లో సత్తువ లేదు గాని బుద్ధి చెదరలేదు. నా పక్కన కూర్చుని ఎవరూ నాకు మాటలు అందించడం లేదు. నాకు చదువు రాదు గనుక బడిపంతులు రాములు గారు రాస్తున్నారు. నేను తిట్టిన చోట తిట్టు మెత్తబరచవద్దని ఆయనకు ముందే చెప్పాను. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయించలేదు. దీన్ని అమలు జరిపించే బాధ్యత మన సంఘం పాస్టరు సామ్యేలు అయ్యగారికి అప్పగిస్తున్నాను.

ఒకటి. నేను ఇప్పుడు పడుకుని ఉన్న ఇల్లు, దాని వెనుక పెరడు, పెరట్లోని రెండు మేకలు నా పెద్దకోడలు అన్నమ్మకు చెందవలెను. నా పెద్దకొడుకు దుర్గయ్య పోయినాక ఆమె పుట్టింటివాళ్లు బండి కట్టుకుని వచ్చి రమ్మన్నారు. అన్నమ్మ బండి ఎక్కలేదు. “అత్తను ఒక్కదాన్ని ఇడిసి నేనేడికి వస్త?” అని వాళ్లకు అన్నం పెట్టి పంపించింది. ఆమె ఇంకా చిన్నది. మళ్లీ పెళ్లి చేసుకుంటే చేసుకోనివ్వండి. అప్పుడు కూడా ఇల్లు ఆమెదే. వాడకట్టులో ఎవరూ నోరు మెదపకూడదు.

రెండు. ఊరికి పడమర, మా ఆయన రాళ్లు ఏరి సాగుకు తెచ్చిన చెలక నా చిన్నకొడుకు ఇస్సాకుకు సగం, దుర్గయ్య కొడుకు చిన జంగయ్యకు సగం. ఇద్దరు కొడుకుల పేర్లు ఇట్లా ఎందుకున్నాయని కొత్తవాళ్లు అడుగుతారు. పెద్దవాడు మేము బాప్తిస్మం తీసుకోకముందు పుట్టాడు. పేరు మార్చుదామని అప్పటి పాస్టరుగారు అంటే మా ఆయన ఒప్పుకోలేదు. “పిలిస్తే పలుకుతున్నడు గద అయ్యగారూ, ఆ పేరే ఉండనియ్యండ్రి” అన్నాడు.

ఆ చెలకను ఈ ఏడు దున్నింది కాటయ్య. దున్నమని నేను అడగలేదు, వద్దని అన్నమ్మ అనలేదు. దున్నినందుకు అతనికి భూమిలో ఏ హక్కూ రాదు. ఈ కాటయ్య ఎవరో ఇక్కడ రాయించకపోతే తర్వాతి మాటలు అర్థం కావు గనుక రాయిస్తున్నాను.

కాటయ్య మా వాడకట్టువాడే. మా గుడిలోనే ప్రార్థన చేసేవాడు. దొర గడీలో జీతం ఉండేవాడు. నిరుడు ఎండాకాలం దొరల మీద తిరగబడ్డ సంగంవాళ్లు ఇద్దరు ఆకలితో వస్తే దుర్గయ్య వాళ్లను కొట్టంలో కూర్చోబెట్టి జొన్న గటక పెట్టించాడు. వాడు తుపాకీ పట్టినవాడు కాదు, ఏ జెండా మోసినవాడు కాదు. వచ్చినవాళ్లు ఎవరని కూడా అడగలేదు. తర్వాత రజాకార్లు ఊరి మీద పడి మగవాళ్లందరినీ ఎండలో కూర్చోబెట్టి, సంగంవాళ్లకు అన్నం పెట్టిందెవరని అడిగారు. ఎవరూ చెప్పలేదు. కాటయ్య చెయ్యి ఎత్తి నా కొడుకును చూపించాడు. మామిడితోట వెనక్కు తీసుకుపోయి కాల్చారు. నేను పోయేసరికి వాడి మొహం మీద అన్నమ్మ కొంగు కప్పి ఉంది. ఇంతకంటే రాయించలేను.

యూనియన్ సైన్యం సూర్యాపేట దాటి హైదరాబాదు దిక్కు పోయినాక రోజులు తిరగబడ్డాయి. దొర పట్నం పారిపోయాడు. గడీ వెనుక గడ్డివాములో దాక్కున్న కాటయ్యను వాడకట్టు కుర్రవాళ్లు పట్టుకొచ్చి బండి చక్రానికి కట్టేశారు. వాళ్లలో నా ఇస్సాకు ముందున్నాడు. నాకు కబురు చేశారు. “అమ్మా, నువ్వు ఒక్క మాట అను. మిగిలింది మేం సూసుకుంటం” అన్నాడు ఇస్సాకు. వాడి చేతిలో గొడ్డలి ఉంది.

అక్కడ నేను అన్న మాటలను ఊళ్లో తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు గనుక ఉన్నదున్నట్టు రాయిస్తున్నాను. “ఈడు చేసింది పాపం. పాపం కాదని నేనెన్నడు అనను. గని ఈడు పుట్టినప్పుడు ఏడ్వలే. ఒళ్లు నీలి రంగు తిరుగుతుంటే కాళ్లు పట్టుకొని తలకిందులు చేసి, ఈపు మీద కొట్టి ఊపిరి తెప్పిచ్చింది నేను. ఇయ్యాల ఈని ఊపిరి తియ్యమని నా నోటితోటి ఎట్లంటరా?” అన్నాను. తర్వాత తాడు విప్పాను. ముడి బిగుసుకుపోతే పళ్లతో లాగాను. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ ఆపలేదు. కాటయ్య నా కాళ్ల మీద పడబోతే పక్కకు జరిగాను. అతను నన్ను ముట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇస్సాకు గొడ్డలి నా ముందు పడేసి, “నాకు అన్న లేడు, ఇగ అమ్మ గూడ లేదు” అని ఆ పూటే సూర్యాపేట పోయాడు. మార్కెట్టులో బస్తాలు మోస్తున్నాడు. ఇప్పటికీ రాలేదు.

మూడు. నా వెండి కడియాలు రెండూ కాటయ్య బిడ్డ అరుంధతికి చెందవలెను. మా అమ్మ నా కాళ్లకు తొడిగినవి అవి. ఈ ఒక్క మాట మీద నా వాళ్లు గొడవ పడతారని తెలిసే కారణం రాయిస్తున్నాను.

ఇడిసిపెట్టినాక కాటయ్య మేళ్లచెరువు దిక్కు పోయి సున్నపు బట్టీలలో చేరాడు. అతని భార్య ఉప్పలమ్మ నిండు గర్భిణి, గుడిసెలో ఒక్కతే ఉంది. నిరుడు క్రిస్మసుకు ముందు ఆమెకు నొప్పులు వచ్చాయి. ఏ ఆడమనిషీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆదివారం పక్క పక్కన నిలబడి పాటలు పాడే ఆడవాళ్లే, కేకలు వింటూ చాటలో బియ్యం చెరుగుతూ కూర్చున్నారు. నేను పోయాను. నన్ను చూసి ఉప్పలమ్మ గోడకు కరుచుకుని, “అత్తా, నీ కాల్మొక్త, నా బిడ్డనేం చెయ్యకు” అంది. నా చేతుల మీద ఎంతమంది పుట్టారో లెక్క లేదు. ఆ చేతులను చూసి ఒక తల్లి భయపడటం అదే మొదటిసారి. నేను ఆమె నడుము రాస్తూ కూర్చున్నాను. “నీ బిడ్డ నాకేం జేసింది పిల్లా, భయపడకు” అని మాత్రం అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. ఉప్పలమ్మకు రక్తం ఆగలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను. మా ఊరి బండివాడు గేమ్యా తన బండి కట్టాడు గాని మిర్యాలగూడ చేరకముందే ఆమె పోయింది. పోయే ముందు పిల్లను నా దిక్కు జరిపింది.

పిల్లను ఇంటికి తెచ్చాను. అప్పటికి అన్నమ్మ దగ్గర చిన జంగయ్య పాలు తాగుతున్నాడు. నేను ఆమెను అడగలేదు. ఏ మొహంతో అడగను? మేకపాలలో గుడ్డ ముంచి పిల్ల నోట్లో పెట్టాను, పట్టలేదు. అన్నమ్మ గోడ దిక్కు తిరిగి కూర్చుంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, ఏడుపు పిల్లికూన అరుపులా అయింది. చివరికి అన్నమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచింది. “ఇటు తే అత్తా. దాని తండ్రి పేరు నా ముంగట తియ్యకు. ఇటు తే” అంది. రొమ్ము ఇచ్చినంత సేపూ ఆమె కళ్లనీళ్లు పిల్ల నెత్తి మీద పడుతూనే ఉన్నాయి. నేను బయటకు పోయి మేకల దగ్గర నిలబడ్డాను.

ప్రేమలో నటన కలపవద్దని, చెడును చెడు అనే ధైర్యం ఉండాలని, మంచిని మాత్రం గట్టిగా పట్టుకోవాలని అయ్యగారు ఎన్నో ఆదివారాలు చెప్పగా విన్నాను. నాకు అది కంటికి కనబడింది ఆ పూట, గోడ దిక్కు తిరిగి కూర్చున్న నా కోడలిలో.

నాలుగు. అరుంధతి అన్నమ్మ దగ్గరే పెరగాలి. తండ్రి చూసి పోవచ్చు. తీసుకుపోవాలంటే అన్నమ్మ ఒప్పుకోవాలి. పిల్లకు బుద్ధి తెలిసినాక జరిగింది చెప్పాలి, అన్నమ్మే చెప్పాలి. బావి దగ్గర ఆడవాళ్ల నోట వినే గతి దానికి పట్టకూడదు.

ఐదు. కాటయ్యకు నా ఆస్తిలో ఏమీ రాయడం లేదు. ఈ సంవత్సరం ఈస్టరు ముందు అతను వచ్చి, గుడిసె ఖాళీగా ఉండటం చూసి, నా గుమ్మం బయట కూలబడ్డాడు. “పెద్దమ్మా, నన్ను మన్నించు” అన్నాడు. “నా చెవుల చెప్తే సాలదు. గుడిల అందరి ముంగట నిలబడి చెప్పు” అన్నాను. ఈస్టరు ఆదివారం లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. “దుర్గన్నను సూపిచ్చింది నేనే. గడీల కొలువు పోతదని సూపిచ్చిన” అన్నాడు. అన్నమ్మ లేచి బయటకు పోయింది. నేను కూర్చున్నాను.

నేను కాటయ్యను కన్నకొడుకులా ప్రేమిస్తున్నానని అయ్యగారు ఒకసారి ప్రసంగంలో చెప్పారు. అది నిజం కాదు. నా కొడుకును చూపించిన ఆ కుడిచెయ్యి కనబడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను. నేను చేయగలిగింది అతనికి అన్నం పెట్టడం, అతని కీడు కోరకపోవడం. పొద్దున లేచి ఆ రెండూ ప్రభువును అడుక్కుని తెచ్చుకోవాలి. నిన్నటివి ఇవాళ్టికి ఉండవు.

సర్కారువాళ్లు వచ్చి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి, దాచవద్దు. కానీ నా కొడుకు పేరు చెప్పి ఎవరూ కాటయ్య మీద చెయ్యి ఎత్తకూడదు.

ఆరు. కోదాడలో ఉన్న మా తమ్ముని భార్య ఆండాళు దగ్గర నా ఇత్తడి బిందె ఉంది. నా పెళ్లినాటిది. వాళ్ల బిడ్డ పురుటికని తీసుకుపోయి, ఇప్పుడు అది తన పుట్టింటి బిందె అంటుంది. ఉంచుకోనివ్వండి. నేను పోయానని ఏడవడానికి వచ్చినప్పుడు మాత్రం, ఆ బిందె సుందరమ్మదని నలుగురిలో ఒక్కసారి అనాలి.

ఏడు. దుర్గయ్య వాయించిన డోలక్ ఇస్సాకుకు ఇవ్వండి. అన్నదమ్ములిద్దరూ గుడిలో దాని కోసం కొట్లాడుకునేవాళ్లు. ఇస్సాకూ, ఈ మాటలు నీకు. మొన్న నడవగలిగినప్పుడు గేమ్యా బండి మీద సూర్యాపేట వచ్చాను. నువ్వు మిరప బస్తా వీపు మీద ఎత్తుకుని నన్ను చూసి తల తిప్పుకున్నావు. నేను పిలవలేదు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో కొత్త గొంగడి కనబడింది. ఎవరు పెట్టారని అడిగితే, “నాకేం ఎర్క అవ్వా, చలి పెడ్తది, కప్పుకో” అన్నాడు గేమ్యా. ఇప్పుడు కప్పుకున్నది అదే. అన్నను చంపించినవాణ్ని చూస్తే నీకు కోపం రావడం తప్పని నేను ఎన్నడూ అనలేదు. ఆ గొడ్డలి వేటు నీ చేతి నుంచి పడనివ్వకూడదనుకున్నాను, అంతే. ఒక కొడుకు మట్టిలో ఉన్నాడు. ఇంకొకడు హంతకుడు కావడం నేను చూడలేను, బిడ్డా.

ఎనిమిది. నన్ను దుర్గయ్య సమాధి పక్కన పెట్టండి. నా పెట్టెను మోసే నలుగురిలో ఇస్సాకు ఒకడు, కాటయ్య ఒకడు ఉండాలి. తతిమ్మా ఇద్దరిని అయ్యగారు చూసుకుంటారు. కాటయ్య పక్కన నడవడం ఇస్సాకుకు కష్టమైతే ఇస్సాకు తల దిక్కు పట్టాలి, కాటయ్య కాళ్ల దిక్కు. వాళ్లు మాట్లాడుకోనక్కరలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కరలేదు. అడుగులు మాత్రం కలిపి వేయండి, లేకుంటే పెట్టె ఒరుగుతుంది.

ఇది చదివి వినిపించగా విని, నా మాటలే అని ఒప్పుకుని వేలిముద్ర వేశాను.

1949 నవంబరు 20, ఆదివారం, వేములపల్లి.

సుందరమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
సామ్యేలు, పాస్టరు (సంతకం)
గేమ్యా, బండివాడు (వేలిముద్ర)

దస్తూరి: రాములు, బడిపంతులు