గుమాస్తా అను చిన్న కుక్కకు పార్కులో ఇరవై నిమిషాలు

ఉద్యానవనాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి చివరి పార్కులో ప్రతి ఉదయం ఆరు గంటల నుండి ఆరూ ఇరవై వరకు నాలుగున్నర కిలోల కుక్క ఒకటి, దానితో పాటు ఇద్దరు మనుషులు నడుచుటకు అనుమతి కోరుట గురించి.

నేను తమ కార్యాలయం గేటు ఎదుట గొడుగు కింద టైపు మిషను పెట్టుకొని ఇరవై రెండేళ్లుగా ఇతరుల అర్జీలు టైపు చేయుచున్నవాడను. కుళాయి రానివారివి, కాగితాల్లో పేరు తప్పు పడినవారివి, బతికుండగానే చనిపోయినట్టు నమోదైనవారివి కూడా చేసితిని. నా సొంతానికి ఇదే మొదటిది. ఎక్కడైనా భాష అదుపు తప్పినచో మన్నించగలరు.

1. సదరు కుక్క మా బావగారిది. ఆయన పంపుల మెకానిక్కు. కుక్క పేరు గుమాస్తా. వచ్చినవారందరినీ గుమ్మం దగ్గరే ఆపి, ఆసాంతం వాసన చూసి, కొందరిని లోపలికి వదిలి కొందరిని మళ్లీ రమ్మన్నట్టు చూస్తుంది కనుక బావగారు ఆ పేరు పెట్టిరి. ఏ ఉద్యోగినీ ఉద్దేశించి పెట్టినది కాదని విన్నవించుచున్నాను.

2. బావగారు నాలుగు నెలల క్రితం ఒకరింట్లో పంపు విప్పుతూ విప్పుతూ కూలిపోయి, మరి లేవలేదు. అప్పటి నుంచి మా అక్క గడప దాటలేదు. వండేది, నాకు పెట్టేది, కిటికీ దగ్గర కూర్చునేది. "బజారుకొస్తావా అక్కా" అంటే "నువ్వెళ్లిరారా" అనేది. కుక్క కూడా బయటికి పోవడం మానేసింది. నేను తీసుకెళ్లబోతే గేటు దగ్గర చతికిలబడి రాయిలా బిగుసుకుపోయేది. పశువుల డాక్టరుగారిని ఇంటికి పిలిపించితిని.

"చిన్నకుక్కే కదా, ఇంట్లో తిరిగింది చాలనుకోకండి. రోజూ ఒకే వేళకు నడవాలి, నాలుగు వాసనలు చూడాలి. లేకపోతే కాళ్లూ పోతాయి, మనసూ పోతుంది" అన్నారాయన. తర్వాత మా అక్క వంక చూసి, "అమ్మా, ఇది ఈయనతో రాదు. మీరు లేస్తే లేస్తుంది" అన్నారు.

మొదటిరోజు కరెంటు స్తంభం దాకా వెళ్లితిమి. మూడోరోజు ఇస్త్రీ బండి దాకా. తొమ్మిదోరోజున పార్కు చేరితిమి. పన్నెండోరోజున మా అక్క అక్కడ ఒక పెద్దావిడతో మోకాళ్ల నొప్పుల గురించి పావుగంట మాట్లాడింది. నేను పక్క బెంచీ మీద కూర్చుని మొత్తం వింటిని. మోకాళ్ల గురించి అంత మంచి సంభాషణ నా జన్మలో వినలేదు.

3. ఆ మరునాడే పార్కు గేటుకు "కుక్కలకు ప్రవేశం లేదు" అని బోర్డు పడినది. కాపలాదారుకూ నాకూ జరిగిన మాటలు ఇవి:

"ఇది చిన్నది కదా బాబూ."

"బోర్డు మీద సైజు రాయలేదండీ."

"ఎత్తుకుని తీసుకెళ్తే?"

అతను చాలాసేపు ఆలోచించాడు. మంచివాడే. "సంచిలో పెట్టుకోండి. సామాను కిందికొస్తుంది. సామాను వద్దని బోర్డు లేదు."

ఆ ప్రకారం నాలుగు రోజులు గుమాస్తా సామానుగా లోపలికి వెళ్లి, చెట్ల వెనక కుక్కగా నడిచి, తిరిగి సామానుగా బయటికి వచ్చినది. అయిదోరోజు గేటు దగ్గర వ్యాయామం చేయుచున్న పెద్దమనిషిని చూసి సంచి మొరిగినది. "సామాను అరవకూడదండీ" అన్నాడు కాపలాదారు. సంచి చంకనెత్తుకుని వెనుదిరిగితిని.

4. అందువలన పెద్దరోడ్డు మీద నడవవలసి వచ్చినది. అక్కడ కాలిబాట మీద ఇసుక, దాని మీద కంకర, దాని పక్కన కార్లు. పోయిన మంగళవారం ఒక హారను మోతకు గుమాస్తా బెదిరి, మెడపట్టీ లోంచి తల జార్చుకుని నడిరోడ్డుకు పరుగెత్తినది. మా అక్క గొంతు చించుకుని "గుమాస్తా! ఆగు గుమాస్తా!" అని కేక వేసినది.

ఆ సమయమున స్కూటరుపై విధులకు వెళ్లుచున్న తమ కార్యాలయపు గుమాస్తాగారు నడిరోడ్డున బ్రేకు వేసి, వెనక్కి తిరిగి, "నన్నేనా అమ్మా?" అని అడిగిరి. ఆయన ఆగుటచే వెనక ఆటోలు, వాటి వెనక నీళ్ల లారీ ఆగినవి. లారీ చక్రానికి మూరెడు దూరంలో కుక్క నిలబడి ఉన్నది.

మా అక్క వెళ్లి దాన్ని ఎత్తుకుని నా మీద విరుచుకుపడినది. "ఒరేయ్, పట్టీలోకి రెండు వేళ్లు దూరితే చాలని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదరా! పిడికిలి పట్టేలా కట్టావేంట్రా!" ఆ తర్వాత రోడ్డు పక్కన, ఇసుక కుప్ప మీద కూర్చుని ఏడ్చినది. బావగారు పోయిన రోజున కూడా ఏడవని మనిషి. గుమాస్తాగారు స్కూటరు స్టాండు వేసి, ఆవిడ లేచేదాకా నిలబడిరి. ఆ రోజు హాజరు పట్టీలో ఆయన ఆలస్యానికి కారణం మేమే. ఆయనను ఏమీ అనవద్దని ఈ అర్జీలో భాగంగానే కోరుచున్నాను.

5. ఇప్పుడు మెడపట్టీ తీసేసి ఛాతీకి బిగించే పట్టీ కొంటిని. తాడు పొట్టిగా పట్టుకుంటాము. ఎక్కడా వదలము. అది చేసిన మురికి మేమే కాగితంతో తీసుకుపోతాము. టీకాలన్నీ వేయించితిని, కార్డు ఎప్పుడడిగినా చూపగలను.

6. అయితే ఆ మంగళవారం నుంచి మా అక్క మళ్లీ గడప దాటలేదు. రోడ్డంటే భయం. పార్కంటే బోర్డు.

అయ్యా, నేను రోజుకు పదిహేను అర్జీలు టైపు చేస్తాను. ఈ ఆరో అంశం దగ్గర గంట నుంచి కూర్చున్నాను. మా అక్క మళ్లీ కిటికీ దగ్గరకు వెళ్లిపోయింది. దీన్ని మీ భాషలో ఏమంటారో నాకు తెలియడం లేదు.

కావున ఆ ఇరవై నిమిషాలు ఇప్పించుటకు తమరు ఒక్క క్షణం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేటు ఎదుటి టైపిస్టు

తా.క.: పైది ముగించి మంచినీళ్లకు లేచి వచ్చేసరికి మా అక్క కాగితం తీసుకుని చదువుతోంది. "నేను ఏడ్చిన సంగతి ఆఫీసుకు ఎందుకురా?" అంది. చదవడం అయ్యాక కాగితం నా చేతిలో పెట్టింది. తర్వాత, "ఇంతోటి దానికి నంబర్లు వేసి రాయాలా? ఆ అధికారికి నోరుంది, నాకు నోరుంది" అని కుక్కకు ఛాతీ పట్టీ తనే బిగించి, చెప్పులు వేసుకుంది. తోడు రానా అంటే "నువ్వు కూచో" అంది. మేడ మీంచి చూశాను. రెండు వైపులా చూసుకుని, కుక్కను చంకనెత్తుకుని, రోడ్డు దాటింది.

విషయం వరుసలో "ఇద్దరు మనుషులు" అన్నచోట "ఒకరు" అని దిద్దుకోగలరు. కొంచెం త్వరగా దిద్దుకోండి. తమ కార్యాలయం వైపే వస్తోంది, ఆవిడ నడక వేగం.