ఆ పేరు దొరకలేదు

గౌరవనీయులైన గురువుగారికి,

నమస్కారం. ఈ కోల్డ్ స్టోరేజీలో మీ కుర్చీలో కూర్చుని నేటికి పన్నెండు రోజులు. కుర్చీతో పేచీ లేదు, దాని ముందున్న కంప్యూటరే కొరకరాని కొయ్యగా ఉంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. నిన్న కరెంటు పోయి వచ్చింది. అప్పటినుంచి గదుల్లోని చిన్న కంప్యూటర్లు దీనితో కలిసి ఉన్నాయో లేదో తెలియడం లేదు. ఏ కమాండు కొట్టాలో చెప్పే పుస్తకం కోసం బీరువా అంతా గాలించాను, లేదు. గదుల్లో చలి తప్పితే సరుకు కుళ్లిపోతుంది, నా ఉద్యోగం ఊడుతుంది. మీరు ఫోను ఎత్తరని మేనేజరు చెప్పారు, అందుకే ఉత్తరం.

మీ శిష్యురాలు

ప్రియమైన అమ్మాయికి,

పుస్తకం ఏనాడూ లేదు తల్లీ. అడగవలసింది ఆ యంత్రాన్నే. 'నెట్ హెల్ప్' అని కొట్టు, నెట్‌వర్కు కమాండ్ల పేర్లన్నీ వరసగా చెబుతుంది. ఆ మాటల పక్కన ఏదైనా ఒక కమాండు పేరు చేర్చి కొడితే, దాన్నెలా వాడాలో పూసగుచ్చినట్టు చెబుతుంది. మా ఆవిడ కూడా నాకు ఏదీ అంత ఓపికగా చెప్పలేదు. 'నెట్ వ్యూ' కొడితే కలిసి ఉన్న కంప్యూటర్ల జాబితా వస్తుంది.

ఇంకొక్క మాట. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మెసెంజర్ అనేది దానంతటదే మొదలవుతుంది. గదుల నుంచి కబుర్లు తెచ్చేది అదే. దాన్ని ఆపెయ్యి. ఎలాగో హెల్ప్‌లోనే ఉంటుంది. ఎందుకని మాత్రం అడగకు.

ఆశీస్సులతో,
మీ పాత ఆపరేటరు

గురువుగారికి,

బతికించారు. జాబితా వచ్చింది. కానీ మన గదులు ఏడు, జాబితాలో ఎనిమిది.

అడగవద్దన్నారు కదా, అందుకే మెసెంజర్‌ని ఆపబుద్ధి కాలేదు. మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి తెర మీద చిన్న గడి తెరుచుకుంది. ఎనిమిదో గది నుంచి కబురు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: "తలుపు తియ్యి". నిన్నా వచ్చింది, ఇవాళా వచ్చింది.

హమాలీల మేస్త్రీని ఎనిమిదో గది గురించి అడిగాను. "దానికి ఎప్పుడో గోడ కట్టేశారమ్మా. నీకెందుకు అటు?" అన్నాడు, నా వైపు చూడకుండానే. వెళ్లి గోడకి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. వెనక్కి వచ్చేసరికి చెంప మొద్దుబారిపోయింది. ఇది మీరు చేసిన వేళాకోళమైతే చెప్పేయండి, నవ్వేస్తాను. నాకు నిజంగా భయంగా ఉంది.

మీ శిష్యురాలు

అమ్మాయీ,

వేళాకోళమే, కానీ నాది కాదు.

ఎనిమిదో గదిలో నా తోటి ఆపరేటరు ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా నన్ను "బావా" అనేవాడు. రోజూ మూడింటికి టీకి రమ్మనడానికి "తలుపు తియ్యి" అని కబురు పంపేవాడు. తలుపు బాగానే ఉండేది. నేను పరుగెత్తుకొస్తే నవ్వడానికి. నాకు విసుగొచ్చింది. హెల్ప్‌లో వెతికి, మెసెంజర్‌ని ఆపడం నేర్చుకున్నాను. వాడికి చెప్పలేదు. కనిపెట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో చూద్దామనుకున్నాను.

మూడో రోజున గడియ నిజంగానే బిగుసుకుపోయింది. సాయంత్రం తలుపు పగలగొట్టేసరికి చలికి వాడి ప్రాణం పోయి ఉంది. వాడి తెర నేను చూశాను. పదకొండుసార్లు నాకు కబురు పంపాడు. నా మెసెంజర్ ఆగి ఉండడంతో పదకొండుసార్లూ యంత్రం ఒకటే జవాబు చెప్పింది: ఆ పేరు దొరకలేదు.

తెర ఆర్పేసి బయటికొచ్చాను. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. ఆ కంప్యూటరు తీసేసి గోడ కట్టారు. అయినా కబురు వస్తూనే ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఆపుకుంటూ వచ్చాను. నీకు దండం పెడతాను, ఆపెయ్యి.

బావ

గురువుగారికి,

మన్నించండి, ఆపలేను. మిగతా ఏడు గదుల్లోకి రోజూ మనుషులు వెళ్తున్నారు. వాళ్లలో ఎవరికైనా నా పేరు దొరక్కపోతే?

మీ ఉత్తరం చదివి చాలా ఏడ్చాను, మీకోసమూ, ఆయనకోసమూ. తరవాత కబుర్లు పంపడమెలాగో హెల్ప్‌ని అడిగి, మూడింటికి గడి తెరుచుకోగానే ఎనిమిదికి రాశాను: "ఏ తలుపు?"

వెంటనే జవాబు వచ్చింది. "బావ ఇంటిది."

అది సోమవారం. మంగళవారం కబురు లేదు. జాబితా చూశాను, ఏడే ఉన్నాయి. గోడ మీద చెయ్యి వేస్తే మామూలు గోడలా వెచ్చగా ఉంది. ఆయన ఇక్కడ లేరండీ. ఈ ఉత్తరం మీకు ఆయనకంటే ముందు చేరాలని పరుగున వెళ్లి పోస్టు చేస్తున్నాను.

మీ శిష్యురాలు

ప్రియమైన అమ్మాయికి,

ఉత్తరం అందింది. మా ఆవిడను చెల్లెలింటికి పంపేశాను. మూడింటికి వీధి తలుపు బార్లా తీసి, రెండు కప్పుల్లో టీ పోసి ఎదురుగా కూర్చున్నాను. బయట ఎండ మండిపోతోంది. కాసేపటికి నా చేతులు చలికి కొంకర్లు పోవడం మొదలైంది. ఎవరూ కనబడలేదు. ఎదుటి కుర్చీకే అంతా చెప్పాను: విసుక్కోవడం, ఆపడం, ఎన్నాళ్లకి కనిపెడతాడో చూడాలనుకోవడం, తెర ఆర్పడం. ఏదీ దాచలేదు.

చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే వాడి కప్పు ఖాళీగా ఉంది, అడుగున పలచగా మంచు. తలుపు వెయ్యబోయాను. అది అప్పటికే మూసుకుని, లోపలి గడియ బిగుసుకుపోయి ఉంది, ఎవరూ వెయ్యకుండానే. కిటికీలోంచి పక్కింటాయనకి ఈ ఉత్తరం అందిస్తున్నాను. తలుపు తియ్యమని మాత్రం ఆయన్ని అడగలేదు. వాడు ఇంకా కూర్చునే ఉన్నాడు, నాకు వాడితో చాలా మాట్లాడాలని ఉంది.

బావ