చూడ్డానికి మాత్రమే

నగరి

చిరంజీవి భవితకు పెదనాయన రంగనాథం ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మగ్గాల మోతలో నువ్వు ఫోన్లో చెప్పేది ఒక్క ముక్కా వినపడదు, అందుకే ఈ ఉత్తరం. మన మరమగ్గాల సంఘానికి నువ్వు పెట్టిన వెబ్‌సైటు బాగుంది. మీ నాయన మురుగేష్ గీసిన చీర అంచులన్నీ అందులో చూసి కళ్ళు తడిశాయి.

చిక్కల్లా ఒక్కటే. సభ్యులందరికీ పిలుపు పంపి, పేరు పక్కన 'చూడ్డానికి మాత్రమే' అని పెట్టావట. నిన్న చెంగయ్య మామ మగ్గం ఆపి మరీ వచ్చాడు. "ఏమప్పా రంగనాథం, పెండ్లికి పిలిసి, పందిట్లో నిలబడి సూసి పొమ్మంటావా? నాకు ఆకు యాడ ఏస్తావు?" అన్నాడు. సంఘంలో అందరికంటే పెద్దాయన, నేనేం చెప్పను? కాస్త మర్యాదగా మార్చమ్మా.

ఇట్లు,
నీ పెదనాయన

తా.క.: మన సంఘంలోని యోగానందం కంటికి ఈమధ్యే ఆపరేషన్ అయింది. 'చూడ్డానికి మాత్రమే' అని కావాలనే ఎగతాళి చేశారని బాధపడుతున్నాడు.

*

సూళ్లూరుపేట

పూజ్యులైన పెదనాయనకు భవిత నమస్కారాలు.

డ్యూటీ దిగి, చెప్పులు కూడా విప్పకుండా ఇది రాస్తున్నాను. ఇందులో మర్యాద, అమర్యాద ఏమీ లేవు. ఓనర్ అంటే ఎవరు లోపలికి రావాలో, ఎవరు ఏం చేయొచ్చో చెప్పేవాళ్ళు. ఎడిటర్ అంటే డిజైన్లు మార్చగలిగేవాళ్ళు. మిగతావాళ్ళు చూసి, నచ్చిన అంచు నేసుకుంటారు. ఎంత తక్కువ మంది చేతిలో ఉంటే అంత క్షేమం. ఓనర్లుగా మీరూ నేనూ చాలు.

నాయన పోయాక ఆయన అంచులు గీసిన గళ్ళ కాగితాలను చెదలు తినేశాయి. వాటికి ఫోటోలు తీసిన నా ఫోన్ కూడా చెడిపోయింది. ఇప్పుడు ఆ అంచులు ఈ సైటులో తప్ప ఇంకెక్కడా లేవు. వాటి మీద ఎవరి చెయ్యీ పడకూడదు. మీకు పుణ్యముంటుంది, ఏమీ మార్చకండి.

మీ
భవిత

తా.క.: ఓనర్ అంటే ఇంటి ఓనర్ కాదు. కృపామణి అత్త నాకు ఫోన్ చేసి అద్దె ఎంతని అడిగింది.

*

నగరి

చిరంజీవి భవితకు ఆశీస్సులు.

నువ్వు అలిసిపోయావని చదివి మనసుకు కష్టమైంది. అందుకే నీకు శ్రమ లేకుండా నేనే అంతా చక్కబెట్టేశాను. మనవాళ్ళ పెళ్ళిళ్ళలో తాంబూలం ఇచ్చే వరుసలోనే, చెంగయ్య మామతో మొదలుపెట్టి అందరినీ ఓనర్లను చేశాను. పుత్తూరులో ఉన్న మన లోకేశ్వరి భర్త దయానంద్‌కూ ఓనర్‌గానే పిలుపు పంపాను. అల్లుణ్ణి తక్కువ చేయకూడదు కదా.

వడ్డించేవాళ్ళు చివర్న తినాలి. అందుకని నేను 'చూడ్డానికి మాత్రమే'లోకి దిగాను. నిన్నూ దించాను. ఇంటి ఆడబిడ్డవి, ఏమీ అనుకోవు.

ఇట్లు,
పెదనాయన

తా.క.: యోగానందం ముందు పేజీలో తన మనవడి పుట్టువెంట్రుకల ఫోటో పెట్టాడు. మన చీరలు కొనే చెన్నై షావుకారుకూ పిలుపు పంపాం కదా, ఆయన సైటు తెరిస్తే మొదట ఆ గుండే కనబడుతుంది.

*

సూళ్లూరుపేట

పెదనాయనా!

నన్ను దించేశారా? ఇక నేను దేన్నీ సరిచేయలేను. నాయన మామిడిపిందెల అంచు చూసి "పిందె బక్కగా ఉండాది" అని చెంగయ్య తాత తనే లావు చేశాడు. ఇప్పుడది పిందె కాదు, గుమ్మడికాయ. కృపామణి అత్త ఇంకో అంచును పొరపాటున చెరిపేసింది.

నాకు కోప్పడే ఓపిక కూడా లేదు. అందరినీ కూర్చోబెట్టి, ఒక్కరు ఓనర్‌గా ఉండి మిగతావాళ్ళను తప్పుకోమనండి. ఆ ఒక్కరూ నన్ను మళ్ళీ పైకి తెస్తే చాలు. నాయన చేతి పని అంటూ నాకు మిగిలినవి అవే, పెదనాయనా.

మీ
భవిత

తా.క.: ఆ గుండు ఫోటో కింద మా ఆఫీసు వాళ్ళు 'ముద్దొస్తున్నాడు' అని రాశారు. అంటే మన సైటు బయటివాళ్ళకు కూడా తెరిచేశారు. ఎవరు తెరిచారో అడగను. అడిగితే అందరూ తామే అంటారు.

*

నగరి

చిరంజీవి భవితకు ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే అందరినీ కూర్చోబెట్టి, ఓనర్ ఒక్కరే ఉండాలన్నాను. చెంగయ్య మామ "నాకెందుకబ్బా, యోగానందం ఉండనీ" అని తప్పుకున్నాడు. యోగానందం "పెద్దోళ్ళు ఉండంగా నేనా?" అని తప్పుకున్నాడు. మొదటి పంక్తిలో 'మీరు కూర్చోండి, మీరు కూర్చోండి' అంటూ ఎవరూ కూర్చోరు చూడు, అట్లా ఒకరి తర్వాత ఒకరు అందరూ తప్పుకున్నారు. మనవాళ్ళ సంస్కారం చూసి నాకు గర్వంగా అనిపించింది.

టీలు తాగాక చూస్తే ఓనర్ల పేర్లలో దయానంద్ ఒక్కడే మిగిలాడు. ఆయన పిలుపు ఇంకా తెరవనే లేదు. ఫోన్ చేస్తే "నేను రాను మామా" అని పెట్టేశాడు. అలిగాడమ్మా. ఇంటల్లుణ్ణి ఫోన్లో పిలవడమేమిటి, నా బుద్ధి గడ్డి తిని కాకపోతే! వచ్చే శుక్రవారం మీ పెద్దమ్మా నేనూ తాంబూలం పళ్ళెంతో పుత్తూరు పోతున్నాం.

ఇట్లు,
పెదనాయన

తా.క.: పిలుపు నా ఫోన్లో కూడా ఉంది కాబట్టి ఆ ఫోన్‌నూ పళ్ళెంలో పెట్టమంటోంది మీ పెద్దమ్మ. తమలపాకుల మీదా, కిందా? వెంటనే రాయి.

*

సూళ్లూరుపేట

పెదనాయనకు నమస్కారాలు.

మీదే పెట్టండి. బావకు నా తరఫున కూడా దణ్ణం పెట్టండి. ఇంకేమీ రాయలేను.

భవిత

తా.క.: పసుపు తగలనీయకండి. ఛార్జింగ్ పెట్టే కన్నం పూడిపోతుంది.

*

నగరి

చిరంజీవి భవితకు ఆశీస్సులు.

పుత్తూరు వెళ్ళొచ్చాం. అల్లుడు అలగలేదమ్మా. పళ్ళెం అందుకుని, కాఫీ ఇప్పించి, ఆ తర్వాత నాకు చీవాట్లు పెట్టాడు. "సిన్నమామ గీసిన అంచుల్ని ఊరందరి సేతుల్లో పెడితిరే! ఆ గుంపులో నేనూ ఒకణ్ణి కావాల్నా? అందుకే తెరవలేదు మామా" అన్నాడు. లోకేశ్వరి పెళ్ళిచీర అంచు మీ నాయనే గీశాడు కదా. అల్లుడికి అది గుర్తుంది. నేనే అలక అనుకున్నాను.

వెంటనే పిలుపు తెరిచి, బయటివాళ్ళకు తలుపు మూసేశాడు. మీ నాయన గీసిన పాతదాన్నే వెనక్కి తెచ్చి గుమ్మడికాయను మళ్ళీ పిందె చేశాడు. కృపామణి చెరిపినదాన్ని చెత్తబుట్టలోంచి తీశాడు. ఇప్పుడు ఎవరొచ్చి ఏం మార్చమన్నా "సూద్దాం" అంటున్నాడు. సైటు ఇంత భద్రంగా ఎప్పుడూ లేదు.

నిన్ను ఓనర్ని చేయమని అడిగాను. ఒప్పుకోలేదు. "ఆ పాప ఇన్నాళ్ళూ కాపలా కాసింది సాలు మామా. ఇంక కాపలా నేను కాస్తా. ఆ యమ్మిని వాళ్ళ నాయన అంచుల్ని ఊరికే సూసుకోమను" అన్నాడు. నీ పేరు పక్కన 'చూడ్డానికి మాత్రమే' అని పెట్టాడు. చిన్నబుచ్చుకోకు తల్లీ.

ఇట్లు,
పెదనాయన

తా.క.: అలక లేదన్నాడు గానీ పళ్ళెం తిరిగివ్వలేదు. నా ఫోన్ అందులోనే ఉండిపోయింది.

*

సూళ్లూరుపేట

పెదనాయనకు భవిత నమస్కారాలు.

చిన్నబుచ్చుకోలేదు. ఆదివారమంతా ఆ అంచులు చూస్తూ కూర్చున్నాను. ఇంతకాలం ఎవరు దేన్ని ముట్టుకున్నారో చూశానే గానీ, నాయన గీసింది చూడనే లేదు. పిందె తొడిమ దగ్గర ఆయన గీత కొంచెం వణికింది. అది చూసి ఏడ్చాను. ఆ తర్వాత చాలా రోజులకు హాయిగా నిద్రపోయాను.

బావకు చెప్పండి, నాకు ఇది చాలు.

మీ
భవిత

తా.క.: యోగానందం తాత మనవడి గుండు ఇంకా ముందు పేజీలోనే ఉంది. నేను తీయలేను కదా, చూసి నవ్వుకున్నాను.