వాక్యం చెప్పని రోజు

జూన్ 8

బావకి మామూలు మాటలు రావా అని చెల్లి ఇవాళ నన్ను అడిగేసింది. దాని తప్పేం లేదు. తను వండిన కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, మనుషులు రొట్టెవల్ల మాత్రమే బ్రతకరని మా ఆయన సెలవిచ్చారు. అది బిక్కమొహం వేసింది. ఉప్పు లేదని అర్థం, ఇంకో చెంచా వెయ్యి అన్నాను.

అందరూ దాన్ని భక్తి అనుకుంటారు. మా చర్చి సంఘంలో ఆయన్ని వాక్యాల మూట అని పిలుస్తారు కూడా. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. ఈ మనిషికి అబద్ధమాడటం చేతకాదు. నిజం చెబితే ఎదుటివాళ్లు బాధపడతారనిపించినప్పుడు నాలుక మీదికి బైబిల్ వాక్యం వచ్చేస్తుంది. అటు అవునూ కాదు, ఇటు కాదూ కాదు. మిగతా వేళల్లో అందరిలాగే మాట్లాడతారు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. సాయంత్రానికి లిఫ్టు నడుస్తుందా అని ఒక బిల్డింగ్ ఓనరు అడిగితే, రేపటిని గురించి చింతించవద్దన్నారట. పాపం, ఆ పెద్దాయన వారమంతా మెట్లెక్కాడు.

జూన్ 10

కడుపులో మళ్లీ అదే నొప్పి. కుట్టుమిషన్ మీద తల పెట్టుకుని ఉండిపోయాను. కస్టమర్ వచ్చి ఏమైందంటే, కునుకు పట్టిందని చెప్పాను. నాకు అబద్ధాలు బాగానే వచ్చు.

జూన్ 19, సాయంత్రం

స్కాన్ రిపోర్ట్ వచ్చింది. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమని ఆయన్ని లోపల ఉంచుకుంది. కడుపు నాది, కబురు ఆయనకి. ఒళ్లు మండిపోయింది.

బయటికి రాగానే ఏమన్నారని అడిగాను. మందులు రాశారన్నారు. అది సరే, నాకేమైందన్నారు అని అడిగాను. నా కృప నీకు చాలునని ప్రభువు చెప్పాడు కదా అన్నారు.

బస్టాపులో కూర్చున్నాను. మా బస్సు వచ్చి వెళ్లిపోయింది. లేవలేకపోయాను.

జూన్ 20

ఉప్పు లేదని అర్థం.

జూన్ 27

ఇవాళ పెద్ద గొడవ పెట్టుకున్నాను. ముందు చిన్న ప్రశ్నలు వేశాను. కరెంటు బిల్లు కట్టారా అంటే కట్టానన్నారు. చెల్లికి ఫోన్ చేశారా అంటే మర్చిపోయానన్నారు. నేను బతుకుతానా అని అడిగాను. ప్రతిదానికీ ఒక సమయం ఉందని మొదలుపెట్టారు.

చేతిలో ఉన్న కత్తెర నేలకేసి కొట్టాను. ప్రభువు మాట ఆదివారం వింటాను, ఇంట్లో నాకు మొగుడి మాట కావాలి అని అరిచాను. చావు కబురైనా సరే, మీ సొంత మాట ఒక్కటి చెప్పండి అన్నాను. ఆయన కత్తెర తీసి టేబుల్ మీద పెట్టి, పనికి వెళ్లిపోయారు.

కత్తెర మొన వంగింది. భయంగా ఉంది. ఇంతకు ముందు దేనికీ ఇంత భయపడలేదు.

జూలై 14

తగ్గుతోందట!

రెండో స్కాన్ తీశారు. ఈసారీ డాక్టరమ్మ ఆయనతోనే మాట్లాడింది. ఇంటికొచ్చాక, నేను అడక్కముందే ఆయనే చెప్పారు. మందు పనిచేస్తోందట, తగ్గుతోందట, భయపడొద్దన్నారు. వాక్యం లేదు. అచ్చంగా మొగుడి మాట. ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

పాత జాకెట్లన్నీ రెండు పక్కలా కుట్లు వేసి బిగించుకోలేక విసుగొచ్చేసింది. కొత్త గుడ్డ తీసి నా పాత కొలతలకే కత్తిరించాను. మళ్లీ ఒళ్లు చేస్తాను కదా. చెల్లి ఫోన్‌లో ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది. పిచ్చిమొహం.

ఆగస్టు 2, ఆదివారం

చాలా రోజులకి చర్చికి వెళ్లాను. కొత్త జాకెట్టు వేసుకున్నాను. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ప్రభువు బల్ల, అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. పాపం మనసులో దాచుకున్నవాళ్లు దీన్ని ముట్టవద్దని పాస్టరుగారు ఎప్పటిలాగే హెచ్చరించారు. రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. ఆయన తీసుకోకుండా నాకందించారు. తర్వాత కప్పు వచ్చింది. అదీ అంతే.

పెళ్లయినప్పటినుంచీ ఈయన బల్ల మానింది లేదు. జ్వరంతో వణుకుతూ కూడా వచ్చి తీసుకున్నారు. ఎందుకు తీసుకోలేదని ఇంటికొచ్చాక అడిగాను. ప్రతి మనిషీ తనని తాను పరీక్షించుకోవాలని రాసి ఉంది అన్నారు. నా మొహంలోకి చూడలేదు.

వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. తాగుడు లేదు, తిట్టు లేదు, ఒకరి సొమ్ము ముట్టరు. ఈ మనిషి చేసిన పాపం ఏముంటుంది? ఒకటే ఉంది. జూలైలో నాకు చెప్పిన సొంత మాట.

అడిగింది నేనే.

ఆగస్టు 12

కొత్త జాకెట్టు కూడా వదులైంది. చెల్లి కుట్టు వేస్తానంది. వద్దన్నాను.

సెప్టెంబరు 3, పొద్దున

మందు చెంచాలో పోసి, నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గిందంటే సరిపోయేది. నాకు అబద్ధాలు బాగానే వచ్చు. ఇవాళ రాలేదు. నాకు కంఠతా వచ్చిన వాక్యం, చిన్నప్పుడు అమ్మ నేర్పింది ఒక్కటే. యెహోవా నా కాపరి అన్నాను.

చెంచా ఆయన చేతిలోనే ఉండిపోయింది.